రేడియో పగ్గముతో రాళ్లపై పాకు బండి

గోదావరి మధ్య డెల్టాకు శిరస్సువంటి చోట నున్నది ఆత్రేయపురము. దానికి సమీపమున బొబ్బర్లంకవద్ద నదిని విడిచిన ప్రధాన కాలువ, లొల్ల లాకులవద్ద శాఖలుగా చీలి కోనసీమకు నీరందించుచున్నది. లారీలు రాకముందు ఈ కాలువలపై ధాన్యమును, కొబ్బరిని మోసిన పడవలను మనుష్యులు గట్టుమీద నడచుచు తాడుతో లాగెడివారు. పడవ నీటిలో నుండును; దానిని కదల్చు బలము గట్టుమీద నుండును. ఆ రెంటిని కలుపునది తాడు. తాడు ఎంత పొడవో నడుపువాని అధికారము కూడ అంతే.

తాడు లేకుండ గట్టుమీదినుండియే బండినిగాని పడవనుగాని నడుపవచ్చునా? ఈ ప్రశ్నకు లభించిన సమాధానమునకు నూట ఇరువదియేండ్లకు పైబడిన చరిత్ర గలదు. నేడు ఆ సమాధానము విద్యార్థుల చేతులలో ఒక ఆటబండి రూపమున కనిపించుచున్నది. మూరెడు పొడవుగల లారీ. నాలుగు లావైన మెత్తని చక్రములు. చేతిలో చిన్న పెట్టె. ఆ బండి తనకన్న ఎత్తైన రాతిని మెల్లగా పట్టుకొని ఎక్కును. దీనిని రాక్ క్రాలర్ అందురు. అనగా రాళ్లపై పాకు బండి. కోనసీమ నేల నది తెచ్చిన ఒండ్రు. అందులో బండరాయి పుట్టదు. 1847 - 1852 సంవత్సరములలో కాటన్ దొర కట్టించిన ఆనకట్టకు సయితము రాయి ధవళేశ్వరపు కొండనుండియే వచ్చెను. కాని ఈ బండికి పర్వతము అక్కరలేదు. పాఠశాల ఆవరణలో నాలుగు బుట్టల రాళ్లను కుప్పగా పోసిన చాలును.

తరంగము మోయునది ఆజ్ఞను మాత్రమే

తీగ లేకుండ దూరమున ఒక పని చేయింపవచ్చునని మన దేశమున చూపినవాడు జగదీశచంద్ర బోసు. 1895లో కలకత్తాలో ఆయన పంపిన విద్యుత్తరంగములు గోడలను దాటిపోయి, అవతల ఒక గంటను మ్రోగించి, తుపాకిమందును అంటించెను. అయితే గంట మ్రోగించుటకు ఒక్క ఆజ్ఞ చాలును. బండిని నడుపుటకు కుడికి, ఎడమకు, ముందుకు, ఆగుము అని ఎడతెగక చెప్పవలెను.

ఆ పనిని 1898లో నికోలా టెస్లా సాధించెను. న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ప్రదర్శనమున ఆయన ఒక చిన్న ఇనుప పడవను నీటితొట్టిలో విడిచి, దూరమునుండి దాని చుక్కానిని త్రిప్పెను, దీపములను వెలిగించెను. ఆ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఆయనకు పేటెంటు లభించెను. స్పెయిన్ దేశీయుడు లియొనార్డో టోరెస్ కెవేడో 1903లో టెలికినో అను యంత్రమునకు పేటెంటు పొంది, మొదట ఒక మూడు చక్రముల బండిని, పిమ్మట 1906లో బిల్బావోవద్ద ఒక పడవను నడిపి చూపెను.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. గట్టుమీది తాడు బలమును మోసెను. టెస్లా తరంగము బలమును మోయలేదు. ఆజ్ఞను మాత్రమే మోసెను. పడవను కదల్చిన శక్తి పడవలోని బ్యాటరీలోనే యుండెను. కనుక రేడియోతో నడుచు యంత్రము తన బలమును, ఆరోగ్యమును తనతోనే తీసికొని పోవలెను. దూరముననున్న నడుపరి దానికి ఆజ్ఞ నీయగలడు గాని సాయము చేయలేడు. తరువాతి చరిత్ర అంతయు ఈ సత్యమునే మరల మరల చెప్పుచున్నది.

ఆజ్ఞ ఎవరిది?

ఒకే పౌనఃపున్యముపై రెండు ప్రేషకములు ఒక్కసారిగా పలికినచో, గ్రాహకమునకు ఏది తన యజమాని మాటయో తెలియదు. వెనుకటి కాలమున 27 మెగాహెర్ట్‌జ్ ప్రాంతమున పనిచేసిన ఆటబండ్లకు ఈ చిక్కు ఎక్కువగా నుండెడిది. ప్రతి ప్రేషకమునందును ఒక క్వార్ట్‌జ్ స్ఫటికము పౌనఃపున్యమును నిర్ణయించును. ఒకే రకపు స్ఫటికము గల ఇద్దరు ఒక్కచోట చేరినచో, ఒకని మీట నొక్కగా మరియొకని బండి పరుగెత్తెడిది.

దీనికి విరుగుడుగా ఉపకరించిన ఆలోచన మరొక అవసరమునుండి పుట్టెను. 1942లో సినీనటి హెడీ లామర్, సంగీతకర్త జార్జి ఆంథైల్ కలిసి అమెరికాలో ఒక పేటెంటు పొందిరి. రేడియోతో నడుచు టార్పిడోను శత్రువు దారి మరలింపకుండ, ప్రేషకము, గ్రాహకము రెండును ఒకే క్రమమున ఒక పౌనఃపున్యమునుండి మరొకదానికి దుముకుచుండవలె నన్నది అందలి సూత్రము. నేటి 2.4 గిగాహెర్ట్‌జ్ ఆటబండ్ల రేడియోలలో అనేకము ఇట్టి దుముకు పద్ధతినే అనుసరించును. అంతేకాక ప్రతి గ్రాహకము తన ప్రేషకపు గుర్తును జ్ఞాపకముంచుకొని, ఇతరుల మాటను పెడచెవిని పెట్టును.

మన దేశమున 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే రేడియో పరికరము కలిగియుండరాదను నియమముండెడిది. 2005లో వచ్చిన నిబంధనలు 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతమున స్వల్పశక్తితో పనిచేయు పరికరములకు ఆ లైసెన్సునుండి మినహాయింపు నిచ్చెను.

ఆటబండి పాకుట నేర్చిన విధము

1947లో ట్రాన్సిస్టరు పుట్టినపిమ్మట గ్రాహకము చిన్నదయ్యెను, బొమ్మకారులో ఇమిడెను. 1966లో ఇటలీలో ఎలెట్రోనికా జొకాట్టోలి అను సంస్థ ఫెరారీ కారు నమూనాను రేడియో నియంత్రణతో తయారుచేసెను. 1976లో జపానుకు చెందిన తమియా పోర్షె కారు నమూనాను విడుదల చేసెను. వీటికన్నిటికిని ఆదర్శము పందెపు కారు, వేగమే ప్రధానము.

1987లో తమియావారి క్లాడ్ బస్టర్ వచ్చెను. పెద్ద చక్రములు, ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు ఒకటి మోటారు గల ఈ లారీని ఔత్సాహికులు విప్పి, మార్చి, రాళ్లపై ఎక్కింపసాగిరి. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దమున ఆక్సియల్ సంస్థ ఏఎక్స్10 స్కార్పియన్ పేరుతో రాళ్లకొరకే రూపొందించిన బండిని తెచ్చెను. 2017లో ట్రాక్సాస్ సంస్థవారి టీఆర్‌ఎక్స్-4 బండిలో ఇరుసును చక్రపు కేంద్రముకన్న పైకి లేపి, గేర్లతో చక్రమును త్రిప్పు ఏర్పాటు చేయబడెను. అందువలన ఇరుసు రాళ్లకు తగులుట తగ్గెను.

వేగము నిచ్చి బలము పుచ్చుకొనుట

క్రాలరు లక్షణము దాని గేర్లలో నున్నది. మోటారు 40 సార్లు తిరిగిన చక్రము ఒక్కసారి తిరుగు బండి నొకదానిని తీసికొందము. మోటారు నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినచో చక్రము 100 చుట్లు తిరుగును. చక్రపు వ్యాసము 12 సెంటీమీటర్లయినచో దాని చుట్టుకొలత సుమారు 38 సెంటీమీటర్లు. కనుక బండి నిమిషమునకు సుమారు 38 మీటర్లు పోవును. ఇది మనిషి నడకలో సగము. వేగము 40వ వంతుకు తగ్గినది. ఘర్షణకు పోయినది పోగా, చక్రమును త్రిప్పు బలము ఇంచుమించు అన్ని రెట్లు పెరిగినది.

రెండవది ఇరుసు. రోడ్డుమీది కారులో డిఫరెన్షియల్ అను గేర్ల పెట్టె మలుపులలో రెండు చక్రములను వేరువేరు వేగములతో తిరుగనిచ్చును. కాని ఒక చక్రము గాలిలో లేచినచో అదియే గిరగిర తిరుగును. నేలమీది చక్రము నిలిచిపోవును. క్రాలరులో రెండు చక్రములను కలిపి బిగింతురు. మలుపు కొంత కష్టమగును గాని రాతిని పట్టిన చక్రము పట్టు విడువదు.

మూడవది గరిమనాభి. చక్రముల నడిమి వెడల్పు 20 సెంటీమీటర్లు, గరిమనాభి ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకొందము. బండి ప్రక్కకు 45 డిగ్రీలు వంగినంతనే బోర్లపడు స్థితికి వచ్చును. బ్యాటరీని క్రిందికి దించి గరిమనాభిని 7 సెంటీమీటర్లకు తెచ్చినచో ఆ కోణము సుమారు 55 డిగ్రీలగును. మూడు సెంటీమీటర్ల మార్పుతో పది డిగ్రీల లాభము! త్రికోణమితిలోని టాన్జెంటు పట్టికకు ఇంతకన్న మంచి ఉదాహరణము తరగతిగదిలో దొరకుట అరుదు.

చంద్రునిపై రెండు గోతులు

రాళ్లపై రేడియోతో నడుచు బండ్లలో మిక్కిలి దూరము పోయినవి ఆటబండ్లు కావు. 1970 నవంబరు 17న సోవియట్ నౌక లూనా-17 చంద్రునిపై దిగి లూనోఖోద్-1 అను ఎనిమిది చక్రముల బండిని దింపెను. ఐదుగురు సభ్యుల జట్టు భూమినుండి దానిని నడిపెను. రేడియో తరంగము చంద్రుని చేరుటకు 1.3 సెకనులు పట్టును. ఆజ్ఞ పోయి, ఫలితము తిరిగి కనబడుటకు దానికి రెట్టింపు. కనుక నడుపువాడు ఎప్పుడును గడచిపోయిన క్షణమునే చూచుచుండును.

1973లో వచ్చిన లూనోఖోద్-2 సుమారు 39 కిలోమీటర్లు నడిచెను. ఆ సంవత్సరము మే నెలలో అది ఒక గోతిలో దిగినపుడు, సౌరఘటములుగల దాని మూత గోతిగోడకు రాచుకొని దుమ్ము నెత్తుకొనెను. ఆ దుమ్ము బండి వేడిని వెలికి పంపు భాగముపై బడెను. వేడి పెరిగి బండి మూగవోయెను. రేడియో చక్కగనే యుండెను. గుప్పెడు దుమ్మును దులుపుటకు చేయి మాత్రము అక్కడ లేకపోయెను.

అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 2023 జూలై 14న తిరుపతి జిల్లా శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 బయలుదేరెను. ఆగస్టు 23న విక్రమ్ చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగెను. దానిలోనుండి దిగిన ప్రజ్ఞాన్ బండి బరువు 26 కిలోలు; చక్రములు ఆరు; వేగము సెకనుకు 1 సెంటీమీటరు మాత్రమే. పైన లెక్కించిన ఆటబండి దానికన్న అరువది రెట్లు వేగముగా పోవును! భూమినుండి పోయిన ఆజ్ఞ విక్రమ్‌కు చేరి, అక్కడినుండి ప్రజ్ఞాన్‌కు అందును. 1997లో కుజునిపై తిరిగిన సొజర్నర్ బండికివలెనే దీనికిని రాకర్-బోగీ అను కీళ్ల చేతులు గలవు. ఒక చక్రము రాతిపైకి లేచినను తక్కినవి నేలను విడువవు.

ఆగస్టు 27న ప్రజ్ఞాన్‌కు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పుగల గోయి ఎదురయ్యెను. శాస్త్రజ్ఞులు దానిలో దిగుటకు సాహసింపలేదు. వచ్చిన దారినే మరలుమని ఆజ్ఞాపించిరి. బండి వెనుకకు మరలి, వేరు దారిని పోయి, మొత్తము నూరు మీటర్లకు పైగా నడిచెను. వెనుకకు తిరుగుట కూడ నడుపుటలో ఒక భాగమే.

చేతిలో నుండగనే చేయవలసిన పని

కొత్తగా మొదలిడు విద్యార్థికి 1/10 పరిమాణపు తయారైన బండి అనువైనది. ముందుగా ప్రేషకమును, తరువాత బండిని వెలిగించవలెను; ఆర్పునప్పుడు ముందుగా బండిని, తరువాత ప్రేషకమును ఆర్పవలెను. లేనిచో కొంతసేపు బండికి యజమాని యుండడు. మొదటిరోజున చదునైన నేల, మరునాడు ఒక ఇటుక, తరువాత రెండు ఇటుకలు, ఆపైన రాళ్లు. రాతిని సమీపించినపుడు ఆగి, ముందుచక్రము ఏ అంచును పట్టవలెనో చూచి, పిమ్మట మీట నొక్కవలెను. ఆత్రేయపురమున వేడికుండపై పూతరేకు తీయు చేయి తొందరపడదు, తడబడదు. మీటపైనున్న వ్రేలికిని ఆ నిలకడయే కావలెను.

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కొక్క ఘటము పూర్తిగా నిండినపుడు 4.2 వోల్టులు చూపును. దానిని 3.2 వోల్టులకు దిగువకు పోనీయరాదు. కొన్ని దినములు వాడనిచో 3.8 వోల్టుల ప్రాంతమున నిలువయుంచవలెను. ఘటములను సమముగా నింపు ఛార్జరునే వాడి, గచ్చుమీదనో పెంకుమీదనో ఉంచి, దగ్గర మనిషి యుండగా ఛార్జి చేయవలెను. ఉబ్బిన బ్యాటరీని మరల ఛార్జి చేయరాదు, అది అంటుకొనవచ్చును.

కోనసీమలో బండికి శత్రువులు రెండు: ఇసుక, తడి. ఇసుకలోని క్వార్ట్‌జ్ రేణువులు ప్లాస్టిక్కుకన్న, అల్యూమినియముకన్న గట్టివి. గేర్ల నడుమ చేరినచో ఆకురాయివలె అరుగదీయును. కనుక ఆట ముగిసిన వెంటనే మెత్తని కుంచెతో దులుపవలెను. టైరులోపల స్పంజి యుండును. చక్రపు రంధ్రమునుండి నీరు చేరినచో పిండి ఆరబెట్టవలెను. బేరింగులను తుడిచి ఒక్కొక్క చుక్క నూనె వేయవలెను. అదరుటవలన మరలు వదులగును. లోహములో లోహము బిగిసిన చోట మరను పట్టియుంచు జిగురు వాడవలెను. మోటారు పండ్లచక్రమును మార్చినపుడు, రెండు చక్రముల పండ్లనడుమ సన్నని కాగితపు ముక్క నుంచి బిగించి, పిమ్మట కాగితమును తీసివేసినచో తగినంత సందు ఏర్పడును.

ఈ పనులకు గంటసేపు చాలును. కాని అనేక గృహములలో నిలిచిపోయిన ఆటబండి అటకమీదికి పోవును. పాడైనది ఒక్క మర యైయుండవచ్చును. దానిని విప్పి చూచిన బాలుడు గేరు, ఘర్షణ, వోల్టేజి అను మాటలను పుస్తకములో చదువుటకు ముందే చేతితో తెలిసికొనును.

తాడుతో లాగిన పడవ చెడినచో గట్టుకు లాగుకొని బాగుచేసికొనవచ్చును. చంద్రునిపై నున్న బండికి ఆ అవకాశము లేదు. శ్రీహరికోటను విడువకముందే దాని ప్రతి మరను పరీక్షింపవలెను. ఆటబండి ఈ రెంటికి నడుమ నున్నది. రాళ్లమీద నున్నంతసేపు అది చంద్రునిపై బండివంటిది. ఇంటికి తెచ్చినపిమ్మట గట్టుకు చేరిన పడవవంటిది. దూరమునుండి నడుపుటకు కావలసిన విద్యలో సగము, అది దగ్గర నున్నప్పుడే నేర్వవలసియున్నది.