రసభరిత మొక్కలు (ఇంటి పెంపకం)

ఆకుల్లోనో కాండంలోనో నీరు దాచుకునే కలబంద, రణపాల, జెముళ్ల వంటివి రసభరిత మొక్కలు. వీటిలో చాలావాటి పత్రరంధ్రాలు రాత్రిపూట తెరుచుకుంటాయి. కాబట్టి పగటి ఎండకు నీరు పెద్దగా ఆవిరి కాదు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేటి ప్రాంతంలో, ఏలూరులో, తాడేపల్లిగూడెంలో వీటికి అసలు శత్రువు ఎండ కాదు, వానాకాలపు తేమ. బంకమట్టి నీటిని పట్టి ఉంచితే వేళ్లు కుళ్లుతాయి. అడుగున రంధ్రమున్న మట్టికుండీలో సగం దాకా ముతక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి నాటాలి. మట్టి లోపలిదాకా ఆరాకే నీరు పోయాలి. జూలై నుంచి అక్టోబరు వరకు కుండీలను వెలుతురు తగిలే చూరు కిందికి చేర్చాలి.

కొత్తవారికి రణపాలే ఉత్తమం. దాని ఆకు అంచుల నుంచే పిల్లమొక్కలు పుడతాయి. మెక్సికో ఎత్తు ప్రాంతాల ఎచివేరియాలు ఇక్కడి ఉక్కకు నిలవడం కష్టం. ఆకుజెముడు పాలు కళ్లకు హానికరం కనుక దాన్ని పిల్లలకు అందనిచోట ఉంచాలి.