నెల్లూరు అభ్రకము: పనితనము, ముందుచూపు

వ్యాపారము వృద్ధిపొందుటకు రెండు గుణములు కావలెను. చేతిలోని పనిని వృథా లేకుండ నడుపుకొనుట మొదటిది. రాబోవు కాలమును గుర్తించి, తగిన వేళకు త్రోవ మార్చుకొనుట రెండవది. మొదటిదానిని పనితనమనియు, రెండవదానిని ముందుచూపనియు పిలుచుకొందము. ఒకటి యున్నచోట రెండవది తప్పక యుండునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. ఇందుకు నిదర్శనము కొరకు మనము దూరదేశముల చరిత్ర తిరుగవేయ నక్కరలేదు. పడమట వెలిగొండలు, ఉత్తరమున పెన్న గల కలువాయికి తూర్పు దక్షిణ దిక్కులలో, గూడూరు మొదలుకొని సంగం దాక కొడవలివలె వంగియున్న అభ్రకపు నేల యొకటి కలదు. దాని చరిత్ర చాలును.

అభ్రకమును మన పల్లెలలో కాకిబంగారమందురు. 19వ శతాబ్ది చివర ఈ ప్రాంతమున దీనిని వ్యాపారము కొరకు త్రవ్వసాగిరి. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాలలో గనులు వెలసినవి. ఇచ్చటి అభ్రకమునకు ఆకుపచ్చని చాయ విశేషము. వర్షాధారమైన మెట్టసేద్యముతో ఏడాది గడువని కుటుంబములకు గనికూలి మరియొక ఆధారమైనది.

అభ్రకము వేడిమికి చెడదు, విద్యుత్తును పోనీయదు, పొరపొరగా చీలి కాగితముకంటె పలుచనగును. విద్యుద్యంత్రములు ప్రబలినకొలది దీనికి గిరాకి పెరిగెను. మా శ్రోతలకు ప్రత్యేకముగా చెప్పదగిన సంగతి యొకటి కలదు. వెనుకటి రేడియోపెట్టెల వాల్వులలో లోహపు భాగములు ఒకదానికొకటి తగులకుండ పట్టియుంచినది అభ్రకపు రేకే. కండెన్సర్లలో నుండినదియు అదియే.

ఇక పనితనము సంగతి చూతము. భూమిలో పలుగురాయి, ఫెల్‌స్పార్ అను రాళ్ళ నడుమ అభ్రకము దొంతరలు దొంతరలుగా నుండును. ఈ దొంతరలకు ‘పుస్తకము’లని వాడుక. ఏ రాతినరములో ఎంత సరుకున్నదో పైనుండి చూచి చెప్పుట కష్టము. త్రవ్వి తీసిన రాతిలో మంచి రేకుగా తేలునది బహు స్వల్పము. కావున లాభనష్టములు గనిలోకంటె రేకులు కత్తిరించు శాలలోనే ఎక్కువగా తేలుచుండెను.

ఆ శాలలో ప్రతి రేకునకు రెండు పరీక్షలు. మొదటిది పరిమాణము. రేకునుండి పనికివచ్చు దీర్ఘచతురస్రము ఎంత వచ్చునో దానినిబట్టి తరగతి నిర్ణయింతురు. 1 చదరపు అంగుళము వచ్చిన ఆరవ తరగతి. 3 వచ్చిన అయిదవది. 15 వచ్చిన రెండవది. 24 వచ్చిన ఒకటవది. రెండవ పరీక్ష నిర్మలత్వము. మరకలు లేనిదానికి ఒక వెల, మరకలున్నదానికి మరియొక వెల. ఒక రేకు మరకతోనున్న ఒకటవ తరగతిగా నిలుచుననుకొందము. మరకమేర కత్తిరించినచో అది నిర్మలమైన రెండవ తరగతి యగును. ఏది లాభము? కత్తెర పట్టినవారు అప్పటికప్పుడు తేల్చవలసినది ఈ లెక్కయే. బీహారులో కొడవలితో అంచులు చెక్కుట ఆచారము. మన వైపున కత్తెరతో కత్తిరించుట ఆచారము. 1911లో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణనుగూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన కోరిన శ్రద్ధ, కొలత, విభజన మన కత్తిరింపుశాలలలో చేతివాటముగా నిలిచియుండెను.

యుద్ధములు ఈ వ్యాపారమును ఆకాశమున కెత్తినవి. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో, బ్రిటను అమెరికాలు కలిసి మన దేశమున అభ్రకము కొనుటకై సంయుక్త సంఘమునే నెలకొల్పినవి. 1946లో అభ్రకపు గనికార్మికుల సంక్షేమనిధి చట్టము వచ్చెను. కలిచేడులో గనికార్మికులకు ఆసుపత్రియు ఏర్పడెను.

కాని మరుసటి సంవత్సరమే, 1947లో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. వాల్వుల కాలము క్రమక్రమముగా ముగిసెను. అభ్రకపు తుక్కును నలిపి కాగితమువలె పోతపోయు విధానము కూడ విదేశములలో వ్యాప్తికి వచ్చెను. దానితో పెద్ద రేకునకు గల ప్రత్యేకత తగ్గినది. 1972లో అభ్రకపు ఎగుమతిని ప్రభుత్వసంస్థ ద్వారా నడుపు ఏర్పాటు జరిగినది. ప్రధానమైన కొనుగోలుదారులలో నొకటియగు సోవియట్ యూనియన్ 1991లో అంతరించినది. ఒక్కొక్క గనియే మూతపడెను.

గనియజమానులకు తెలివి లేదనుటకు వీలులేదు. వారు ఒక్క అంగుళమును వృథా కానీయలేదు. అయితే వారి లెక్క యంతయు రేకునకు సంబంధించినదే. ఆ రేకు ఎవరికి కావలెను, రేపు దానికి బదులు ఏమి రాగలదు, తుక్కుతో మరి యేమి చేయవచ్చును అను ప్రశ్నలు కత్తెరకు అందనివి. అభ్రకపు కాగితము చేయు ప్రభుత్వరంగపు కర్మాగారము ఝుమ్రీ తిలైయా చెంత అభ్రక్‌నగర్‌లో వెలసెను. మన గనుల చెంత వెలయలేదు.

ఇందులో మరియొక విచిత్రము కలదు. రేకు కొరకు పగులగొట్టి ప్రక్కన పారవేసిన పలుగురాయికే ఇటీవలి సంవత్సరములలో సైదాపురము ప్రాంతమున విలువ వచ్చినది. దానిని తెల్లరాయి యని లారీలకెత్తుచున్నారు. గాజునకు, పింగాణికి, మరెన్నో పరిశ్రమలకు అది కావలెను. తాతలు తుక్కనుకొన్నది మనుమలకు సరుకైనది.

అయినను నాటి ప్రశ్న నేటికిని నిలిచియున్నది. ముడిరాయిగా పోవునంతవరకు దాని వెలను నిర్ణయించువారు దూరముననే యుందురు. కలువాయి, రాపూరు ప్రాంతముల యువకులు నేడు ఏ చిన్న పరిశ్రమ పెట్టదలచినను, రోజువారీ జమాఖర్చు పుస్తకము ప్రక్కన మరియొక పుస్తకము నుంచుకొనవలెనని మా సూచన. మన సరుకు చివరకు ఏ వస్తువులో చేరుచున్నది, ఆ వస్తువు ఎంతకాలము నిలుచును, మనము పారవేయుచున్నదానిని కోరువారు ఎవరైన కలరా అను మూడు సంగతులు అందులో ఏటేట వ్రాసికొనవలెను. ఆనాటి గూడూరు వర్తకుల బల్లపై మొదటి పుస్తకము చక్కగా నుండెను. రెండవది తెరచియుండినచో, ఎన్నో కుటుంబములు కూలి వెదకికొనుచు ఊరు విడువవలసిన అవసరము కొంతయైన తగ్గియుండెడిది.