రైలు రాని ఊళ్ళూ, అరచేతిలో గూడ్సు పెట్టే

ఉదయగిరి, ఆత్మకూరు వైపు వాళ్ళం రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి. నెల్లూరికో, కావలికో చేరితే గానీ పట్టాలు కనపడవు. అలాంటి ఊళ్ళ పేరు చెప్పి మోడల్ గూడ్సు పెట్టెల చరిత్ర రాస్తాడేంటి వీడు అని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈ రెండిటికీ సంబంధం ఉందనే నా వాదన. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం. తిరణాల్లో కొనే బొమ్మ రైలు వేరు, స్కేల్ మోడల్ వేరు. స్కేల్ మోడల్లో ప్రతి కొలతా అసలుదానికి ఒకే నిష్పత్తిలో ఉండాలి. బాగా వాడుకలో ఉన్న హెచ్ఓ స్కేలులో ఆ నిష్పత్తి 1:87. అంటే 40 అడుగుల అమెరికన్ గూడ్సు పెట్టె 14 సెంటీమీటర్లకి కుదించుకుపోతుంది. దానికి నిచ్చెన, బ్రేకు గొట్టాలు, తలుపు గొళ్ళెం, కంపెనీ పేరు, నంబరు అన్నీ ఉండాలి.

అమెరికాలో ఈ సరదా ముదిరి 1935లో ఏకంగా ఒక జాతీయ సంఘం పుట్టింది. కారణం మనకి బాగా తెలిసిందే: ఒక కంపెనీ చక్రాలు ఇంకో కంపెనీ పట్టాల మీద సరిగ్గా నడవవు, ఒకరి కప్లింగు ఇంకొకరిదానికి తగులుకోదు. కూర్చుని స్టాండర్డులు రాసుకున్నారు. మన భాషలో ఇంటర్‌ఆపరబిలిటీ సమస్య. అప్పటి కిట్లలో చెక్క, అట్ట, పోత పోసిన లోహపు ముక్కలు ఉండేవి. సాయంత్రాలన్నీ కూర్చుని కోసి, అరగదీసి, అతికించాల్సి వచ్చేది. 1950లలో ప్లాస్టిక్ కిట్లు వచ్చి ఆ కష్టాన్ని గంటలోకి తెచ్చేశాయి. దాంతో జనాల శ్రద్ధ కట్టడం మీద నుంచి మార్చడం మీదకి మళ్ళింది. కొన్న పెట్టెకి నంబరు చెరిపి కొత్తది వెయ్యడం, అచ్చులో వచ్చిన నిచ్చెన చెక్కేసి సన్న తీగతో కొత్తది కట్టడం, తుప్పు మరకలు, దుమ్ము పెట్టడం. ఈ మాసిపోయిన అందానికి పేరు తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన మనిషి కాలిఫోర్నియాకి చెందిన జాన్ ఆలెన్.

ఎక్స్‌ప్రెస్ పెట్టెల సంగతి ఇంకా గమ్మత్తు. 1929 నుంచి 1975 దాకా అక్కడ రైల్వే ఎక్స్‌ప్రెస్ ఏజెన్సీ అని ఉండేది. పండ్లలాంటి త్వరగా పాడయ్యే సరుకుని ఐసు పెట్టెల్లో వేసి ప్యాసింజరు బండికి తగిలించి పంపేవాళ్ళు. చూడ్డానికి అది గూడ్సు పెట్టెలాగే ఉంటుంది. కానీ వేగానికి తట్టుకునే బోగీలు కావాలి, వెనక పెట్టెలకి వేడి ఆవిరి తీసుకుపోయే గొట్టం కావాలి. మోడల్లో ఆ గొట్టం లేదంటే తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు. అలా పట్టుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టే ఎవరో ఒకరు పాత డ్రాయింగులు వెతికారు, ఫోటోలు పోగేశారు, పుస్తకాలు వేశారు. కంపెనీ పోయి యాభై ఏళ్ళయినా దాని పెట్టె మీద రంగేంటో ఇవాళ్టికీ చెప్పగలరు.

మరి మన సంగతి?

మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3. బజార్లో దొరికే హెచ్ఓ పట్టాలేమో 16.5, అవి 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి సరిపోయేవి. అందుకే మన వ్యాగను ఎంత శ్రద్ధగా చేసినా చాలామంది కాళ్ళు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టు ఉండే పట్టాల మీదే నడపాలి. అదే మీటరు గేజిని భాగిస్తే 11.5. స్విట్జర్లాండు మీటరు గేజి బళ్ళ పుణ్యమా అని 12 మిల్లీమీటర్ల పట్టాలు తయారుగా దొరుకుతాయి. నెల్లూరికి మద్రాసు-విజయవాడ బ్రాడ్ గేజి 1899లో వచ్చింది. అంతకుముందు 1880లలో తిరుపతి వైపు నుంచి వచ్చింది మీటరు గేజే. అంటే ఇప్పుడు కళ్ళ ముందున్న లైను కన్నా ఎప్పుడో పోయిన ఆ లైనునే సరైన కొలతతో కట్టడం తేలికన్నమాట! కాకపోతే కొలతలుంటే సరిపోదు, ఏ పెట్టెలు నడిచాయో తెలియాలి.

చిక్కంతా అక్కడే. ఒకప్పుడు మన స్టేషన్లలో ఎటు చూసినా కనిపించిన నాలుగు చక్రాల ఎర్రమట్టి రంగు పెట్టెలు, బోగీ వ్యాగన్లూ ఎయిర్ బ్రేకులూ వచ్చాక తుక్కుకి వెళ్ళిపోయాయి. వ్యాగను మీది అక్షరాలు చదవడం కూడా మనకెవరూ నేర్పలేదు. బీసీఎన్ అంటే బోగీ, కవర్డ్, ఎయిర్ బ్రేకు. బీటీపీఎన్ అంటే బోగీ, ట్యాంకు, పెట్రోలియం, ఎయిర్ బ్రేకు. ఆ అక్షరాలు చూస్తే లోపల ఏముందో, ఎటు పోతోందో ఊహించొచ్చు. ఒక ప్రాంతం ఏం పండించింది, ఏం తెప్పించుకుంది అన్న చరిత్ర ఆ పెట్టెల మీదే రాసుంటుంది. 2020లో లాక్‌డౌన్ వేళ రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో దూద్ దురంతో నడిచింది. అది మన కాలపు ఎక్స్‌ప్రెస్ పెట్టె. ఆ ట్యాంకరుని ఎంతమందిమి కొలతలతో సహా నమోదు చేసుకున్నాం?

ఇప్పుడు ఉదయగిరి. అక్కడి కొయ్య గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు మీలో చాలామంది లేపాక్షి షాపుల్లో చూసే ఉంటారు. నర్ది, బిక్కి లాంటి చుట్టుపక్కల కొండల చెక్కతో చేస్తారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఫోర్కు పళ్ళని అంత సన్నగా విరక్కుండా తీసే చేతులవి. అమెరికాలో మొదటితరం మోడల్ పెట్టెలు చెక్కవే కదా. గరిటె చేసినంత తేలిగ్గా వ్యాగను అవుతుందని నేననడం లేదు. గరిటెకి కంటి కొలత చాలు, వ్యాగనుకి అర మిల్లీమీటరు తేడా కూడా తెలిసిపోతుంది. కానీ చేతిపనికి కొరత లేదు. లేనిది డ్రాయింగు. అది ఇవ్వాల్సింది క్యాడ్ తెలిసిన మనలాంటివాళ్ళే.

దీనికి సమయం కూడా ఇదే. 2019లో వెలికొండల్ని తొలిచి చెర్లోపల్లి-రాపూరు మధ్య 6.6 కిలోమీటర్ల సొరంగం తెరిచారు, ముఖ్యంగా కృష్ణపట్నం రేవు గూడ్సు బళ్ళ కోసం. 2011-12లో మంజూరైన 309 కిలోమీటర్ల నడికుడి-శ్రీకాళహస్తి లైను ఆత్మకూరు మీదుగా పోతుంది, దాన్ని దశలవారీగా కడుతున్నారు. మన మెట్ట ఊళ్ళకి మొదటి గూడ్సు బండి వచ్చిన రోజు అందరం ఇంజను ముందు సెల్ఫీ దిగుతాం. అది తప్పేం కాదు. వెనకున్న పెట్టెల్ని కూడా ఒక్కొక్కటిగా ఫోటో తీసి, అక్షరాలూ నంబర్లూ రాసిపెట్టండి. నెల్లూరు మీటరు గేజి పెట్టెలకి ఆ పని చేసిన తాత ఒక్కడున్నా, ఇవాళ ఉదయగిరి చెక్కతో ఒకటి చేయించుకుని మన బల్ల మీద పెట్టుకునేవాళ్ళం.