నీడ కొలత నుంచి తరగతి కృత్యం దాకా: హైదరాబాదు పాతబస్తీలో సూర్యవిజ్ఞాన బోధన

వ్యాస సంగ్రహం

సూర్యుణ్ని గురించి కృత్యాల ద్వారా బోధించడం ఇటీవలి విద్యాసంస్కరణల ఫలితమనే అభిప్రాయం ప్రచారంలో ఉంది. హైదరాబాదు పాతబస్తీ చరిత్రను గమనిస్తే ఈ అభిప్రాయాన్ని సవరించుకోవలసి వస్తుంది. నీడను కొలిచి కాలాన్ని నిర్ణయించే సంప్రదాయం, శాస్త్రగ్రంథాల అనువాదం, వేధశాల స్థాపన అనే మూడు దశలను పరిశీలించి, నేటి తరగతి కృత్యం స్థానిక అక్షాంశానికి అనుగుణంగా ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పాతబస్తీ, శంకువు, పలభ, షంసుల్ ఉమరా, నిజామియా వేధశాల, శూన్యచ్ఛాయ దినం.

1. రెండు సంప్రదాయాలు, ఒకే నీడ

గడియారం ఇంటింటికీ చేరకముందు కాలనిర్ణయానికి నీడే ఆధారం. ఇస్లామీయ సంప్రదాయంలో జుహర్ నమాజు వేళ సూర్యుడు నడినెత్తి రేఖను దాటడంతో మొదలవుతుంది. అసర్ వేళను నీడ పొడవు నిర్ణయిస్తుంది. మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ దాని ఎత్తుకు సమానమైనప్పుడు ఆ వేళ ప్రవేశిస్తుందని కొన్ని సంప్రదాయాలు, రెట్టింపైనప్పుడని హనఫీ సంప్రదాయం చెబుతాయి.

సిద్ధాంత జ్యోతిషం కూడా నీడనే ఆశ్రయించింది. సమతలంపై పన్నెండు అంగుళాల శంకువును నిలిపి, విషువ దినాన మధ్యాహ్నపు నీడను కొలిస్తే వచ్చేది పలభ. ఆ ఊరి దినప్రమాణాన్ని, లగ్నాలను గణించడానికి పంచాంగకర్తకు ఈ సంఖ్య అవసరం. చార్మినార్ అక్షాంశం సుమారు 17 డిగ్రీల 22 నిమిషాలు కనుక ఇక్కడి పలభ మూడుంపావు కాదు, మూడుముప్పావు అంగుళాలు. నేటి విద్యార్థి ఆ నీడను శంకువు ఎత్తుతో భాగించి, త్రికోణమితి పట్టికను చూస్తే తన ఊరి అక్షాంశమే బయటపడుతుంది. మసీదుకూ పంచాంగానికీ ప్రయోజనాలు వేరైనా కొలత ఒకటే.

2. షంసుల్ ఉమరా కృషి

ఈ అనుభవజ్ఞానాన్ని ఆధునిక శాస్త్రంతో కలిపే ప్రయత్నం 19వ శతాబ్ది పూర్వార్ధంలోనే జరిగింది. పాయిగా వంశానికి చెందిన నవాబు ఫక్రుద్దీన్ ఖాన్ బిరుదు షంసుల్ ఉమరా. ఉమరావులలో సూర్యుడని దాని అర్థం. ఆయన మదర్సా ఫక్రియాను స్థాపించి, రాతి అచ్చు ముద్రణాలయాన్ని నడిపి, ఆంగ్ల శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. వాటిలో 'సిత్తా షంసియా' ప్రసిద్ధమైనది. యంత్రశాస్త్రం, ఖగోళం, జలం, వాయువు, దృష్టిశాస్త్రం, విద్యుత్తు అనే ఆరు విషయాలపై వెలసిన ఆరు గ్రంథాల సంపుటి అది. ఉన్నత విద్యలో ఉర్దూ మాధ్యమానికి పేరొందిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడడానికి దశాబ్దాల ముందే ఖగోళవిజ్ఞానం దేశభాషలో విద్యార్థికి అందిందన్నది ఇక్కడ గుర్తించవలసిన అంశం.

3. ఫిసల్ బండ నుంచి బేగంపేటకు

అదే పాయిగా వంశీకుడైన నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్ బండ వద్ద వేధశాలను నెలకొల్పారు. 1907లో ఆయన మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. ఆర్థర్ చాట్‌వుడ్ నిర్దేశకత్వంలో వేధశాల బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. అంతర్జాతీయ నక్షత్ర ఛాయాపట పథకంలో భాగంగా దక్షిణాకాశంలోని 17 నుంచి 23 డిగ్రీల మండలాన్ని చేపట్టి, ఏడు లక్షల అరవై వేలకు పైగా నక్షత్రాల స్థానాలను ప్రకటించింది.

ఈ కీర్తి నిస్సందేహమైనది. అయితే బోధనా చరిత్ర దృష్ట్యా దీనికి మరో పార్శ్వం ఉంది. ఆకాశ పరిశీలన పాతబస్తీని విడిచి నిపుణుల ఆవరణలోకి వెళ్లింది. చార్మినార్‌కు 1889లోనే గడియారాలు అమరడంతో నీడను చూడవలసిన అవసరం కూడా క్రమంగా తగ్గింది. బడిలో మిగిలింది సూర్యుణ్ని గురించిన పాఠం మాత్రమే.

4. కృత్యం, స్థానికత

2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రం తరువాత వచ్చిన ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకం, 'నక్షత్రాలు – సౌరకుటుంబం' పాఠంలో కర్ర నీడను కొలవడం, నీడ గడియారాన్ని తయారుచేయడం వంటి కృత్యాలను చేర్చింది. ఇది ఒక విధంగా పాత శంకువు పునరాగమనమే. కానీ స్థానిక వివరాన్ని విస్మరిస్తే కృత్యం కూడా కంఠస్థపాఠంగానే మిగులుతుంది.

మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుందనే వాక్యం కర్కటరేఖకు ఉత్తరాన ఏడాది పొడవునా నిజం. హైదరాబాదులో అలా కాదు. డిసెంబరు 22 ప్రాంతంలో ఒక మీటరు కర్ర నీడ ఉత్తరంగా దాదాపు 86 సెంటీమీటర్లు ఉంటుంది. జూన్ 21న దక్షిణంగా సుమారు 11 సెంటీమీటర్లే. ఈ దిశ మార్పు మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో జరుగుతుంది. ఆ రోజుల్లో నిలువు కర్రకు మధ్యాహ్నం నీడే కనిపించదు.

మే 9న ఆ క్షణం పన్నెండింటికి కాక సుమారు 12 గంటల 12 నిమిషాలకు వస్తుంది. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల రేఖాంశానిది. చార్మినార్ దానికి పడమరగా నాలుగు డిగ్రీల దూరంలో ఉంది. అందువల్ల 16 నిమిషాల ఆలస్యం. భూమి కక్ష్య, అక్షం వంపుల ప్రభావం అందులో దాదాపు నాలుగు నిమిషాలను తగ్గిస్తుంది. ఆగస్టులో ఆ ప్రభావమే ఆరు నిమిషాలను కలుపుతుంది కనుక సమయం 12 గంటల 22 నిమిషాలవుతుంది. ఒక్క కర్రతో అక్షాంశం, రేఖాంశం, భూభ్రమణం మూడూ చర్చకు వస్తాయి.

ఆచరణలో ఒక చిక్కుంది. మే 9 వేసవి సెలవుల్లో పడుతుంది. ఆగస్టు 3 బడి రోజుల్లో వచ్చినా వానకారు మబ్బులు అడ్డుపడతాయి. ఒకే రోజు ప్రదర్శనపై ఆధారపడకుండా, జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి వారానికొకసారి మధ్యాహ్నపు నీడకొనను ఆవరణలో గుర్తిస్తే, దక్షిణపు నీడ కురచై, ఆగస్టులో ఉత్తరానికి మారడాన్ని విద్యార్థులే నమోదు చేయగలరు. మబ్బువల్ల ఒకటి రెండు వారాలు తప్పినా క్రమం తెలుస్తుంది. సూర్యుణ్ని నేరుగా చూడవలసిన అవసరం లేకపోవడం ఈ పద్ధతిలోని మరో మేలు.

5. ముగింపు

పాతబస్తీ చరిత్రలో సూర్యుడు మొదట కొలతగా, తరువాత గ్రంథవిషయంగా, ఆపైన నిపుణుల పరిశోధనాంశంగా కనిపిస్తాడు. కృత్యాధార బోధన ఈ మూడింటినీ తిరిగి కలపగలదు. అందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. నిలువు కర్ర, సమతలమైన నేల, నెలల తరబడి సాగే నమోదు చాలు. అసర్ వేళను లెక్కించే కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థీ, పంచాంగం చూసే కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థీ ఒకే నీడ చుట్టూ నిలబడి తమ ఇంటి జ్ఞానాన్ని శాస్త్రంగా గుర్తించగలగడమే ఆ బోధనకు సార్థకత.