ఢిల్లీ గాలుల్లో పెరటి అరటి: ధౌలా కువాన్‌లో చెట్టును నిలబెట్టుకోవడం ఎలా?

ధౌలా కువాన్ అంటే తెల్లని బావి అని అర్థం. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల వల్ల ఢిల్లీలోని ఈ ప్రాంతం తెలుగువారికి పరిచయమే. పెరడున్న తెలుగు ఇంట అరటి ఉండాలనుకోవడం సహజం. భోజనానికి ఆకు, కూరకు పువ్వు, దవ్వ, నైవేద్యానికి పండు అన్నీ ఒక్క చెట్టే ఇస్తుంది. అయితే గోదావరి లంకల్లో సులువుగా పెరిగే ఈ చెట్టు ఇక్కడ ఒక్క సాయంత్రపు గాలిదుమారానికి నేలకొరగవచ్చు.

రెండు గాలులు, ఒక చలి

ఏప్రిల్ నుంచి జూన్ వరకు పడమటి నుంచి వీచే వేడి పొడి గాలిని అక్కడ ‘లూ’ అంటారు. ఇది ఆకుల్లోని తేమను పీల్చి అంచులను మాడుస్తుంది. అదే కాలంలో ఉన్నట్టుండి వచ్చే దుమ్ము తుఫాను ‘ఆంధీ’. 2022 మే 30న సఫ్దర్‌జంగ్ కేంద్రం వద్ద గాలి వేగం గంటకు 100 కిలోమీటర్లు నమోదైంది. ఆ రోజు నగరంలో పెద్ద పెద్ద చెట్లే కూలాయి. ఇక జనవరి చలికి అరటి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అప్పుడు వేసే గెల ఒక్కోసారి మొవ్వులోనే ఇరుక్కుపోతుంది.

చిరిగిన ఆకు జబ్బు కాదు

అరటి నిజానికి చెట్టు కాదు, భారీ గుల్మం. కాండంలా కనిపించేది ఒకదానిపై ఒకటి చుట్టుకున్న ఆకు తొడిమల పొరలే. అందులో కలప ఉండదు. వేళ్లు కూడా ఎక్కువగా పైమట్టిలోనే పరుచుకుంటాయి. అందుకే బలమైన గాలికి కాండం మధ్యకు విరుగుతుంది, లేదంటే దుంపతో సహా పెకలిపోతుంది.

ఆకు చిరగడం సంగతి వేరు. ఈనెల వెంబడి చీలిపోవడంతో ఆకు గాలిని దారి ఇచ్చి వదిలేస్తుంది, కాండంపై ఒత్తిడి తగ్గుతుంది. చీలికలైన ఆకు పచ్చగా ఉన్నంతవరకు ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది. చూడటానికి బాగోలేదని అలాంటి ఆకులు కోసేస్తే గెల సన్నబడుతుంది. ఎండిన ఆకులను మాత్రమే తీసేయాలి. భోజనానికి నిండు ఆకు కావాలంటే గాలి మరుగున ఉన్న పిలకల నుంచి, గాలుల కాలానికి ముందే కోసుకోవడం మేలు.

చోటు, గొయ్యి

ఇంటికి తూర్పు లేదా ఆగ్నేయ దిక్కున, పడమటి గాలి నేరుగా తగలని చోటు మంచిది. రెండు ఇళ్ల మధ్య సందు పనికిరాదు, అక్కడ గాలి వేగం పెరుగుతుంది. గాలిని పూర్తిగా ఆపే ఎత్తైన గోడ కంటే కొంత వదిలే అడ్డు నయం. గోడ దాటిన గాలి అవతల సుడి తిరుగుతుంది. అవిశ, కరివేపాకు వరుస గానీ, గట్టి గుంజలకు కట్టిన షేడ్ నెట్ గానీ గాలి జోరును తగ్గిస్తాయి.

రిడ్జి అడవికి ఆనుకున్న చోట్ల నేల రాతిమయంగా ఉంటుంది. అందుకే రెండడుగుల లోతు, అంతే వెడల్పున గొయ్యి తవ్వి, రాళ్లు ఏరి, మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపాలి. ఒంటరి మొక్క కంటే ఆరడుగుల ఎడంతో మూడు నాలుగు మొక్కల గుంపు ఒకదానికొకటి కాపు అవుతుంది.

ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో నాటితే తొలి ఆంధీల నాటికి మొక్క పొట్టిగానే ఉంటుంది. వానాకాలంలో బలం పుంజుకుని చలిని ఎదుర్కొంటుంది. సన్నటి ఆకులున్న సూది పిలకలనే ఎంచుకోవాలి. వెడల్పాటి ఆకుల నీటి పిలకలు బలహీనం.

పొట్టి రకాలే మేలు

పొట్టి కావెండిష్, గ్రాండ్ నైన్ రకాలు గాలుల చోటుకు అనువైనవి. పొడవుగా ఎదిగే అమృతపాణి రుచికి పేరున్నదే గానీ, ఇలాంటి చోట పడిపోయే ముప్పు ఎక్కువ.

ఊతం గెలకు ముందే

బరువంతా పైన, ఒక పక్కకు వేలాడేది గెల వేశాకే. చెట్లు ఎక్కువగా పడేదీ అప్పుడే. గెల బయటపడగానే రెండు వెదురు గడలను కత్తెరలా కట్టి, చెట్టు వాలే వైపు నుంచి గెల మెడ కింద పోటు పెట్టాలి. కట్టడానికి వెడల్పాటి గుడ్డ పట్టీ వాడాలి. సన్నని తీగ గాలికి కాండాన్ని కోసేస్తుంది.

మొదలు దగ్గర మట్టి ఎగదోయడం, తల్లి చెట్టుకు ఒకే పిలక ఉంచడం తప్పనిసరి. వేసవిలో ఎండుటాకులు పరచి తరచూ నీరివ్వాలి, కానీ మొదట్లో నీరు నిలవకూడదు. నానిన మట్టి వేళ్లను పట్టి ఉంచలేదు. దుంపను ముక్కు పురుగు తొలిచిన చెట్టు చిన్న గాలికే ఒరుగుతుంది కాబట్టి, ఊపితే కదిలే మొక్క మొదలును తవ్వి చూడాలి.

కూలినా అంతా పోదు

గెల వేయని చెట్టు విరిగితే మొదలంటా నరికేయాలి. దుంప బతికుంటే పిలక వేగంగా అందుకుంటుంది. గెలతో పడితే ముదిరిన కాయలు కూరకు, వేపుడుకు వస్తాయి. నారు పొరలు ఒలిస్తే లోపలి దవ్వ పెరుగుపచ్చడికి దక్కుతుంది. ఎలాగూ గెల కోశాక తల్లి చెట్టు ఆయుష్షు ముగుస్తుంది. పెరట్లో ఏటా నిలిచేది కింద ఉన్న దుంప, దాని పక్కన ఉంచిన ఆ ఒక్క పిలక. గాలుల కాలంలో ముందు కాపాడుకోవలసినది వాటినే.