ఇరవై నుంచి ముప్పైకి: ఆదిలాబాద్ గోండుల్లో ఒక తరం నడిచిన పదేళ్లు

మన గూడేల్లో పెద్దలను వయసెంత అని అడిగితే అంకె చెప్పరు. ఫలానా కరువు నాటికి నాగలి పట్టడం వచ్చిందని, ఫలానా పటేల్ చనిపోయిన ఏడు పెళ్లయిందని చెబుతారు. బడి రిజిస్టరు చూస్తే మాత్రం సగం ఊరు జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటుంది. ఆ తేదీలు వేసింది మనలాంటి ఉపాధ్యాయులే. కుమ్రం భీం వర్ధంతిని కూడా మనం ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుకుంటాం. మన లెక్క వెన్నెలతో, పంటతో, జరిగిన సంగతులతో నడిచే లెక్క.

ఇరవై ఏళ్ల మనిషి ముప్పైకి చేరేసరికి రోజువారీ బతుకు ఎలా మారుతుంది? పెళ్లి, పిల్లలు, సంసార భారం అని ఎవరైనా చెబుతారు. కొన్ని తరాలకు ఆ పదేళ్లలో ఇంటి బతుకుతో పాటు చుట్టూ ఉన్న లోకమూ మారిపోయింది. 1920 ప్రాంతంలో ఉట్నూరు, ఆసిఫాబాద్ కొండల్లో పుట్టిన గోండుల తరం అలాంటిది. వారికి 1940లో ఇరవై ఏళ్లు, 1950లో ముప్పై ఏళ్లు.

ఆ తరంలో ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఇరవై ఏళ్లకే అతనికి పెళ్లయింది. తండ్రితో కలిసి జొన్న చేను దున్నుతున్నాడు. తాతల కాలంలో నేల సారం తగ్గితే దాన్ని బీడుగా వదిలి మరో చెలక దున్నుకునేవారు. అవసరమైతే ఊరే పటేల్ వెంట ఇంకో చోటికి కదిలేది. ఇతని కాలానికి అది సాగలేదు. నిజాం సర్కారు అడవిని రిజర్వు చేసి గీతలు గీసింది. బీడుగా వదిలిన నేల గీత అవతలికి పోయింది. కట్టెలకు, గడ్డికి, పశువుల మేతకు జంగ్లాతోళ్ల దయ కావాల్సి వచ్చింది. అధికారి ఊరికి వస్తే వెట్టి చేయాలి. పంట చేతికొస్తే సాహుకారు బాకీ కింద తూకం వేసుకుపోతాడు. దండారి రోజుల్లో మాత్రం ఆ యువకుడు గుస్సాడీ కట్టి ఊరూరా ఆడాడు. భయం లేకుండా గడిపిన రోజులు బహుశా అవే.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీం, ఆయన సహచరులు పోలీసు తూటాలకు నేలకొరిగారు. మన యువకుడు ఆ పోరులో ఉన్నా లేకున్నా, ఆ వార్త అతని ఊరికీ చేరి ఉంటుంది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం అప్పుడు సర్కారుకు కలిగింది. అలా ఈ కొండలకు వచ్చినవాడు హైమెన్‌డార్ఫ్. 1909లో పుట్టిన ఆయనకు కూడా అవి ముప్పైల వయసే. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో కాపురం పెట్టి, గోండి నేర్చుకుని, ఇక్కడి కష్టాలను సర్కారుకు రాశాడు.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. నాగలి పట్టిన చేతులు పలక పట్టాయి. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. అక్కడ నేర్చుకున్నవారిలో కొందరు బడి పంతుళ్లయ్యారు, మరికొందరు చిన్న ఉద్యోగాల్లో చేరారు. అదే దశకంలో ఆదివాసులకు భూమి పట్టాలు ఇచ్చే పని సాగింది. పదకొండు వేల మందికి పైగా ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాలు అందాయి. ఈ మేలును ఒక్క అధికారి మంచితనం ఖాతాలో వేయకూడదు. దాని వెనుక జోడేఘాట్ నెత్తురు ఉంది.

ఇప్పుడు మన యువకుడికి ముప్పై ఏళ్లు. ఇంట్లో ఒక పెట్టె ఉంది, అందులో పట్టా కాగితం ఉంది. ఆ కాగితం చదవమని బడికి పోతున్న కొడుకునే అడుగుతాడు. దండారిలో ఇప్పుడు తమ్ముళ్లు ఆడుతున్నారు, తాను పంచాయితీలో పెద్దల పక్కన కూర్చుంటున్నాడు. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 1952 నాటి మొదటి ఎన్నికల్లో ఓటు వేసేసరికి అతనికి ముప్పై రెండేళ్లు.

అయితే పోయినవీ ఉన్నాయి. పట్టా వచ్చాక ఊరు కదలడం ఆగింది. నేలకు విశ్రాంతి ఇచ్చే పాత పద్ధతి తగ్గింది. కొండవాలుల్లో పోడు మీద బతికిన కొలాంలకు రిజర్వు అడవి మరింత పెద్ద దెబ్బ. 1956లో రాష్ట్రం మారాక బడి తెలుగులోకి మారింది, గోండి వాచకాలు మూలనపడ్డాయి. తండ్రి గోండిలో దిద్దిన అక్షరాలు కొడుకు బడిలో పనికిరాలేదు.

ఆ తరం ఆడవాళ్ల పదేళ్లు ఇంకా తక్కువగా తెలుసు మనకు. మెస్రం ఇంటికి వచ్చిన కొత్త కోడలిని కేస్లాపూర్‌లో నాగోబా ముందు భేటింగ్ చేయిస్తారు. అప్పటి నుంచే ఆమె ఆ వంశం పూజల్లో భాగమవుతుంది. అలా భేటింగ్ అయిన కోడలు పదేళ్ల తర్వాత ఏ పొలంలో పనిచేసింది, ఎంతమంది పిల్లలను పోగొట్టుకుంది, పట్టా మీద ఎవరి పేరు చూసింది? ఈ ప్రశ్నలు మన ఇళ్లలో ఎవరూ అడగలేదు. ప్రధాన్లు కిక్రి మీద దేవతల కథలు, వంశాల కథలు నిలిపారు. మన అవ్వల రోజువారీ కథ నిలపాల్సింది మనం.

ఈనాటి మన యువతకు ఇరవైల్లో హాస్టలు, కోచింగు, నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు. ముప్పై వచ్చేసరికి కొందరికి ఉద్యోగం, చాలామందికి మళ్లీ అదే చేను. ఈ మార్పు కూడా ఒక చరిత్రే. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు తరంతో పోల్చి చూడాలి.

1940 నాటి యువకులు ఇప్పుడు లేరు. 1950లో పుట్టినవాళ్లు ఇంకా కొందరున్నారు. 1/70 చట్టం వచ్చిన 1970లో వారికి ఇరవై ఏళ్లు. ఉపాధ్యాయ మిత్రులారా, మీ విద్యార్థులను వారి దగ్గరకు పంపండి. ఇరవై ఏళ్లప్పుడు ఏ చేను దున్నావు, ముప్పై ఏళ్లకు అది ఎవరి చేతిలో ఉంది అని అడిగించండి. విన్నది విన్నట్టు రాయించి, ఊరి పేరు, చెప్పినవారి పేరు పెట్టించండి.

ఇది పాఠం కోసం మాత్రమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద చేసిన నియమాల్లో, హక్కు కోరే మనిషి కాకుండా ఇతర పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే దాన్నీ సాక్ష్యంగా చూపవచ్చని ఉంది. రాయని మాట ఆ పెద్దతోనే పోతుంది. రాసిపెట్టిన మాట రేపు మన పొలం గట్టు మీద మన తరఫున నిలబడుతుంది.