నా మోకాళ్ళ చరిత్ర

"పేషెంటు ఎవరండీ?" అని అడుగుతుంది ఆస్పత్రి కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి. అడగడం నన్నే అడుగుతుంది గానీ చూపు మాత్రం మా బామ్మ మీద ఉంటుంది. కీళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చిన ఇద్దరిలో ఒకరికి డెబ్బయ్యెనిమిదేళ్ళు, ఇంకొకరికి ఇరవయ్యారేళ్ళు అయితే ఎవరైనా అలాగే చూస్తారు మరి!

"నేనేనండీ" అంటాను.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటుంది బామ్మ, కాస్త చిన్నబుచ్చుకుని.

నా ఎనిమిదో ఏట మొదలైంది ఈ భాగోతం. పొద్దున్న లేచేసరికి మోకాళ్ళు వాచి, చేతివేళ్ళు ముదురుపాకంలో పడ్డ అరిసెల పిండిలా బిగుసుకుపోయి ఉండేవి. జడ వేసుకోవడం మాట అలా ఉంచండి, పళ్ళపొడి డబ్బా మూత కూడా వచ్చేది కాదు. చిత్రమేమిటంటే పది దాటేసరికి ఆ బిగువు కాస్త సడలేది. సరిగ్గా బడి వేళకి వచ్చి, బడి గంట కొట్టాక తగ్గే నొప్పిని ఎవరు నమ్ముతారు చెప్పండి? "చిన్నపిల్లవి, నీకు కీళ్ళనొప్పులేమిటే? బడి ఎగ్గొట్టడానికి వేషాలు!" అని తేల్చేసింది బామ్మ.

పాపం, బామ్మననడానికి లేదు. ఒకప్పుడు డాక్టర్లే పెద్దగా పట్టించుకోలేదు. కీళ్ళవాతమంటే పెద్దవాళ్ళ సొత్తని లోకం నమ్మకం. 1897లో లండనులో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే డాక్టరు, అప్పటికింకా ముప్ఫయ్యేళ్ళు నిండలేదు, గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో తాను చూసిన 22 మంది పిల్లల సంగతి విడమర్చి రాశాడు. పిల్లల కీళ్ళజబ్బు పెద్దవాళ్ళ జబ్బుకి చిన్న సైజు నకలు కాదని, కొందరిలో జ్వరం, బిళ్ళలు కట్టడం, ప్లీహం పెరగడం కూడా ఉంటాయని చెప్పాడు. ఆయన పేరే ఈ జబ్బుకి పెట్టారు. ఇంగ్లీషులో స్టిల్ అంటే కదలకుండా ఉండడమని మీకు తెలుసు గదా. పొద్దున్నపూట నన్ను చూస్తే అచ్చం సినిమా స్టిల్లే!

పేరు దొరికింది గానీ మందేదీ? చెవుల్లో గింగురుమనేదాకా ఆస్పిరిన్ మింగించడం, కాళ్ళకి బద్దలు కట్టి నెలల తరబడి పడుకోబెట్టడం, చాలాకాలం ఇదే వైద్యం. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, మంచం దిగలేని 29 ఏళ్ళ యువతికి కార్టిజోన్ ఇచ్చి చూశాడు. కొద్దిరోజుల్లో ఆవిడ లేచి నడిచింది. నడిచి ఎక్కడికి వెళ్ళిందనుకున్నారు? బజారుకి, షాపింగుకి! ఆడవాళ్ళకి ఆరోగ్యం వచ్చిందనడానికి అంతకంటె రుజువేం కావాలి? 1950లో హెంచ్‌కీ, మరో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఆ జాతి మందు ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారతాయి, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. నా పదో తరగతి ఫోటోలో నాదీ చంద్రబింబమే. కవులు వర్ణించిన ముఖం నాకు మాత్రలతో వచ్చింది!

ఆ రోజుల్లోనే ఇంగ్లండులోని టాప్లోలో, యుద్ధకాలంలో కెనడా సైనికుల కోసం కట్టిన ఆస్పత్రిలో, ఈ పిల్లలకని 1947లో ఒక ప్రత్యేక విభాగం తెరిచారు. అక్కడ పేరు తెచ్చుకున్నది బార్బరా ఆన్సెల్ అనే డాక్టరమ్మ. పిల్లల్ని పడుకోబెట్టడం కాదు, కదిలించాలి, చదివించాలి, మామూలు పిల్లల్లా పెంచాలి అన్నది ఆవిడ పట్టుదల. మా అమ్మ ఆవిడ పేరైనా వినలేదు గానీ, పొద్దున్నే వేణ్ణీళ్ళ బకెట్టులో నా చేతులు ముంచి, వేళ్ళు ఒక్కొక్కటే కదిలించి బడికి పంపేది. ఆన్సెల్‌కి తెలియని శిష్యురాలన్నమాట.

ఇక అసలు కథ. ఇక్కడ మనవారొకరు వస్తారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో భీమవరంలో పుట్టినాయన. 1922లో అమెరికా వెళ్ళి మళ్ళీ తిరిగిరాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆవిడ ఎదురుచూపులకి నోబెల్ ఎవరూ ఇవ్వలేదు లెండి. అక్కడ లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తర్వాత అదే బృందం ఫోలిక్ ఆమ్లం వేషం వేసుకుని దాని పనికే అడ్డుపడే మందుల్ని కూడా తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తం కాన్సరున్న పిల్లలకి వాడాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. కీళ్ళజబ్బుకి ఈ జాతి మందు పనిచేస్తుందని 1951లో గమనించారు గానీ, కార్టిజోన్ మోజులో చాలా ఏళ్ళు ఎవరికీ పట్టలేదు.

పిల్లలకి పనికొస్తుందో లేదో తేల్చడానికి అమెరికా, సోవియట్ డాక్టర్లు కలిసి 127 మంది పిల్లల్ని పరీక్షించారు. తుపాకులు గురిపెట్టుకున్న దేశాలు పిల్లల మోకాళ్ళ దగ్గర రాజీపడ్డాయి! 1992లో ఆ ఫలితం అచ్చయ్యేసరికి సోవియట్ యూనియనే లేదు. మందు మాత్రం నిలబడింది. ఆ తర్వాత ఇంకా కొత్తరకం ఇంజెక్షన్లూ వచ్చాయి.

నేను వారానికోసారి, శుక్రవారం, మెథోట్రెక్సేట్ వేసుకుంటాను. దాని దుష్ఫలితాలు తగ్గడానికి మరో రోజు ఫోలిక్ ఆమ్లం. విషమూ విరుగుడూ రెండూ మన భీమవరం ఆయన చలవే! రెండూ పసుపుపచ్చని చిన్న మాత్రలు. ఒకదాని బదులు మరొకటి రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని అమ్మ శుక్రవారం మాత్రల్ని విడిగా పాత కుంకుమభరిణెలో దాస్తుంది.

"పెద్దమనిషయితే పోతుంది" అన్నారు. పోలేదు. కొందరికి పోతుంది, కొందరికి వెంటే వస్తుంది. "పెళ్ళయితే పోతుంది" అన్నారు తర్వాత. క్రితం ఏడాది ఒక సంబంధం వచ్చింది. "చాప మీద కూర్చోమంటే, ఈ కాలం పిల్ల, కుర్చీయే అలవాటంటాను. నువ్వు నోరెత్తకు" అంది బామ్మ. నాకు మనసొప్పలేదు. ఈ మందు వాడుతున్నంతకాలం గర్భం రాకూడదు. పిల్లలు కావాలంటే డాక్టరుకి చెప్పి ముందుగానే ఆపాలి. ఇంత సంగతి దాచి తాళి కట్టించుకుంటే రేపు ఎవరికి జవాబు చెప్పను? అసలు నొప్పి ఉందని నమ్మించడానికే నా చిన్నతనమంతా గడిచింది. ఇప్పుడు లేదని నమ్మించనా?

కాఫీలిచ్చి అంతా చెప్పేశాను. పెళ్ళికొడుకు తల్లి తన మోకాళ్ళ గురించి అరగంట మాట్లాడింది. "ఫోన్ చేస్తాం" అన్నారు. చెయ్యలేదు.

రెండురోజులు బామ్మ నాతో మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్న వేణ్ణీళ్ళ బకెట్టు తనే తెచ్చి నా ముందు పెట్టింది. "ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు ఏడుస్తుంటే నేనూ నమ్మలేదే" అంది, నా వేళ్ళు పట్టుకుని. ఏమనాలో తెలియక ఈ చరిత్రంతా చెప్పాను. బామ్మకి సుబ్బారావుగారు నచ్చారు గానీ శేషగిరిగారి సంగతికి మాత్రం చాలాసేపు నొచ్చుకుంది.

మొన్న మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాం. కౌంటరులో కొత్తమ్మాయి. "పేషెంటు మీరేనా మామ్మగారూ?" అంది. నేను నోరు తెరిచేలోగా బామ్మ అందుకుంది.

"కాదమ్మా, మా మనవరాలు. పిల్లలకీ వస్తుంది. 1897లోనే రాశారట, నీకింకా తెలీదూ?"